పిల్లల పేర్ల పక్కన పెద్దల పేర్లు

హైదరాబాద్ నుంచి ముంబై రహదారి పట్టుకుని వంద కిలోమీటర్లు వస్తే జహీరాబాద్. ఫిబ్రవరిలో ఈ దారి నిండా చెరకు ట్రాక్టర్లే. ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతే కర్ణాటకలోని బీదర్. అందుకే ఇక్కడి సంతలో ఒకే మనిషి తెలుగులో పలకరించి, ఉర్దూలో బేరమాడి, కన్నడంలో లెక్క చెబుతాడు. ఒక ఆదివారం ఈ ఊరి శివారులోని మెథడిస్టు సంఘానికి వెళ్లాను. అక్కడి యువజనులు కొంతకాలంగా పిల్లలతో కంటే వాళ్ల తల్లిదండ్రులతో ఎక్కువసేపు కూర్చుంటున్నారని విని, అదేమిటో చూద్దామని వెళ్లాను.

యూత్ అంటే మన సంఘాల్లో ఏమిటో అందరికీ తెలుసు. గిటారు, కీబోర్డు, క్రిస్మస్ నాటిక, రిట్రీట్, ఎండాకాలంలో వి.బి.ఎస్. అనే సెలవుల బైబిలు బడి. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే పిల్లల్ని ఇంట్లోంచి గుడికి తీసుకురావడం మీద పెట్టిన శ్రద్ధ, గుడి నుంచి ఇంటికి ఏం పంపుతున్నామన్న దాని మీద పెట్టం. పిల్లాడు బయట ఎంతో నేర్చుకుంటాడు. ఇంటికెళ్లాక దాని గురించి మాట్లాడే మనిషి ఉండడు.

ఈ ప్రాంతపు సంఘాల చరిత్ర తెలిస్తే ఇది ఇంకా బాధ కలిగిస్తుంది. మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్లు పనిచేశారు. వాళ్ల సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. బీదర్, వికారాబాద్, జహీరాబాద్ చుట్టుపక్కల పనిచేసింది అమెరికన్ మెథడిస్టులు. వాళ్ల సంఘాలు ఆ ఐక్యతలోకి వెళ్లలేదు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమయ్యాయి. వికారాబాద్ దగ్గరి ధారూర్‌లో ఏటా నవంబరులో జరిగే క్రైస్తవ జాతర వీళ్లదే. సుమారు వందేళ్లుగా జరుగుతోంది. అడవిలో గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని తిని, ముసలివాళ్ల నుంచి చంటిపిల్లల దాకా కుటుంబాలకు కుటుంబాలే రోజుల తరబడి ఉండిపోతాయి. అక్కడ పిల్లలకు వేరే క్లాసు ఉందా లేదా అని ఒకప్పుడు ఎవరూ అడగలేదు. తండ్రి పక్కన కూర్చుని విన్నదే క్లాసు.

ఆరాధన ముగిశాక సంఘం యువతీయువకులు, అంటే ఇక్కడివాళ్ల మాటలో ఎం.వై.ఎఫ్. పిల్లలు, గుడి వెనక గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కార్యదర్శి నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. పొడుగాటి రిజిస్టరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

“పాత రిజిస్టర్ల పిల్లల పేర్లే ఉండె సార్. ఎవరొచ్చిన్రు, ఎవరు రాలె. గంతే” అంది.

కొత్త దాంట్లో ప్రతి పిల్ల పేరు పక్కన తల్లి పేరు, తండ్రి పేరు, వాళ్లు ఇంట్లో లేకపోతే పిల్లను చూసుకునే పెద్దమనిషి పేరు ఉన్నాయి. తర్వాత వాళ్లు ఏ పనికి పోతారు, ఎన్ని గంటలకు ఇల్లు చేరతారు, తెలుగు చదవగలరా, ఇంట్లో కన్నడం మాట్లాడతారా అన్న వివరాలు. చివరి గడి చూసి నా కళ్లు అక్కడే ఆగిపోయాయి: ‘ఇంట్లో పాట ఎవరు పాడతారు?’ చాలా పేర్ల దగ్గర ఆ గడిలో నాయనమ్మ అనో అమ్మమ్మ అనో రాసి ఉంది.

ఈ రిజిస్టరు ఎలా పుట్టిందో ఆ అమ్మాయే చెప్పింది. ఒక వి.బి.ఎస్. ఆఖరి రోజున పిల్లలంతా వేదికెక్కి కంఠత వాక్యాలు గడగడా అప్పజెప్పారు. బహుమతులిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. గేటు దగ్గరే నిలబడిపోయిన ఒక తండ్రిని ఈమె పలకరించి, “మీ పిలగాడు మంచిగ చెప్పిండు కదన్నా, ఏ వాక్యం చెప్పిండు?” అని అడిగింది. “మీరు నేర్పిన్రు, మీకే తెల్వాలె” అన్నాడాయన. ఆ మాటలో కోపం లేదు. తనకు సంబంధం లేని పనిగా అనుకున్నాడు, అంతే. ఆ రాత్రి కమిటీ లెక్కలు చూసుకోవడానికి కూర్చుని, లెక్కలు వదిలేసి ఆ మాట గురించే మాట్లాడుకున్నారట.

నాకు ఆ తండ్రి మాటలో తప్పు కనిపించలేదు. మనం అలవాటు చేసిందే ఆయన చెప్పాడు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టింది వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదువు చెప్పడానికి. ఇంట్లో నేర్పే దిక్కు లేని పిల్లల కోసం మొదలైన బడి అది. ఆ అవసరం గొప్పది, ఆ సేవా గొప్పదే. కానీ ఇంట్లో నేర్పేవాళ్లు ఎవరూ లేరన్న భావన మాత్రం మనతోనే ఉండిపోయింది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం దేవుని మాటలు పిల్లలకు చెప్పమని ఆజ్ఞాపించింది తల్లిదండ్రులనే. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు చెప్పమంది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చే రోజున ప్రమాణం చేసేదీ కన్నవాళ్లే. ఆ ప్రమాణం నిలబెట్టుకోవడానికి ఆ తర్వాత వాళ్లకు ఎవరు సాయపడుతున్నారు?

సాయంత్రం ఇద్దరు యువకులు పక్క ఊరికి వెళ్తుంటే వాళ్లతో నేనూ వెళ్లాను. ఎర్రనేల, కందికొయ్యలు మిగిలిన చేలు. మేం వెళ్లిన ఇంట్లో తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయాడు. ఆ వారం రెండో షిఫ్టు. తల్లి పొయ్యి దగ్గర జొన్న రొట్టెలు తడుతోంది. నాయనమ్మ చేటలో కందులు చెరుగుతోంది. ఏడో తరగతి పిల్లాడు ఇరవైమూడో కీర్తన తీసి వేలు పెట్టి చదువుతున్నాడు. ఇంగ్లిష్ మీడియం చదువు. తెలుగు బైబిలు వాడికి రాళ్లదారి. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోతున్నాడు. వాడు ఆగినప్పుడల్లా నాయనమ్మ తల ఎత్తకుండానే తర్వాతి మాట అందిస్తోంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు.

నేనైతే ఆ పిల్లాడి ఉచ్చారణ దిద్దేవాణ్ని. ఆ యువకుల్లో ఒకడు ఆ జోలికి పోలేదు. ముసలమ్మ వైపు తిరిగి, “నీకెవరు నేర్పిన్రు అవ్వా?” అన్నాడు.

చేట పక్కన పెట్టింది. చిన్నప్పుడు బండి కట్టుకుని ధారూర్ జాతరకు పోయేవాళ్లట. రాత్రి చెట్టు కింద నాయిన ఒక మాట చెబితే పిల్లలంతా ఆ మాట అనాలి. నిద్రొచ్చినవాళ్లను గిల్లేవాడట. అట్లా ఒక్కో ఏడు ఒక్కో కీర్తన. ఆయనకూ చదువు రాదు. ఊరికొచ్చే ఉపదేశకుడి నోట విని పట్టుకున్నాడు.

“నాకెప్పుడు చెప్పలే” అన్నాడు మనవడు.

“నువ్వెప్పుడడిగినవ్‌రా?”

తల్లి రొట్టె పెనం మీదే మరిచిపోయి వింటోంది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చి చాలా ఏళ్లయింది. అత్త నోట ఈ కథ వినడం ఆమెకూ అదే మొదలు. యువకులు ఇంకేమీ బోధించలేదు. వచ్చే ఆదివారం లోపల నాయనమ్మ దగ్గర ఒక పాట నేర్చుకుని రావాలని పిల్లాడికి చెప్పారు. ఆ పాట సండే స్కూల్లో పాడేటప్పుడు నాయనమ్మ కూడా పక్కన నిలబడాలన్నారు. ప్రార్థన కూడా ఆమె చేతే చేయించారు. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేరుపెట్టి తలుచుకున్నాడు. ఈ ఊళ్లో ఆ వరసలో ఎందరున్నారో మనం ఎప్పుడూ రాసుకోలేదు.

ఇళ్లకు వెళ్లడం ఒక్కటే కాదు. ప్రతి శనివారం సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వెళ్తుంది. మర్నాడు సండే స్కూల్లో చెప్పబోయే కథ రెండు నిమిషాల్లో, పిల్లల్ని అడగడానికి ఒక ప్రశ్న. దాన్ని చెప్పేది అయ్యగారు కాదు, వారానికొక తల్లో తండ్రో. చదువు రానివాళ్లు కూడా చెబుతున్నారు. వాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిదని అడిగితే, “మాచ్‌నూర్ రేడియో ఉన్నది గద సార్” అన్నారు. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనాల గురించి, పాత పంటల గురించి, తమ బతుకుల గురించి తమ మాటలోనే చెప్పుకునే ఆడవాళ్లను ఈ పక్క ఊళ్ల పిల్లలు వింటూ పెరిగారు. అక్షరం రానివాళ్లు మైకు ముందు మాట్లాడటం ఇక్కడ వింత కాదు.

గురుకులాల్లో చదివే పిల్లల సంగతి వేరు. వాళ్లు గుడికి రారు, ఇంట్లో ఉండరు. నెలలో ఒక ఆదివారం తల్లిదండ్రులు టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లి చూసొస్తారు. ఆ రోజు ఆరాధన తప్పుతుంది. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు దాన్ని ఎగ్గొట్టడం కిందే లెక్కపెట్టేవారట. యూత్ కమిటీ ఆ పెద్దలతో మాట్లాడి ఒప్పించింది: హాస్టల్ గేటు బయట చెట్టు కింద అన్నం పెడుతూ తల్లి పిల్లతో చేసే ప్రార్థన కూడా ఆ ఆదివారపు ఆరాధనే. ఇప్పుడు వెళ్లే ముందురోజు యువజనులు ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేసి, వాళ్లు ఏం మాట్లాడాలనుకుంటున్నారో అడుగుతారు. ఏం మాట్లాడాలో మాత్రం చెప్పరు. ఈ తేడా నాకు చాలా నచ్చింది.

ఇంకో ఇంట్లో విన్నది రాయక తప్పదు. పదో తరగతి అమ్మాయి. తండ్రిని ఎన్నాళ్లుగానో ఒకటే అడుగుతోంది: మనం క్రైస్తవులమైతే నా సర్టిఫికెట్‌లో వేరే మతం ఎందుకుంది? ఆయన ఎప్పుడూ కసిరి ఊరుకోబెట్టేవాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆ తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన దగ్గర వాళ్లది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే కాగితం మీద వేరే మతం రాయించుకోవాల్సిన ఈ ముడి మాల మాదిగ కుటుంబాల్లో తరాలుగా ఉంది. వేదిక మీద దీని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లలు మాత్రం అడుగుతూనే ఉంటారు.

ఇదే బాధ పడి వచ్చిన యువకుడొకడు ఆ తండ్రితో విడిగా కూర్చున్నాడు. జవాబు నేను చెప్పలేనన్నా, నువ్వే చెప్పాలె అన్నాడు. కొన్ని వారాల తర్వాత ఆయన కూతుర్ని పిలిచి చెప్పాడు. ఆ మాటలు నాకూ ఆయనే చెప్పాడు: “కాగితం మీద మా నాయిన రాయించిండు. నా చదువు కోసం రాయించిండు. నీకు చెప్పనీకె ఇన్ని దినాలు నాకు మొహం చెల్లలే.” ఆ అమ్మాయి ఏమందని అడిగాను. “ఏమనలే సార్. ఆ రాత్రి ప్రార్థనల నా పక్కన కూసున్నది.” చట్టం మారాలి, అది వేరే పోరాటం. తండ్రి సిగ్గుతో దాచిన నిజాన్ని పిల్లకు తన నోటితో చెప్పగలిగేలా ఒకడు పక్కన నిలబడ్డాడు. ఏ కన్వెన్షన్ ప్రసంగం ఇంత పని చేయగలదు?

అన్ని ఇళ్లూ ఇలా తెరుచుకోలేదు. తాగుడున్న ఇళ్లలో పనికి అంతరాయం తప్పలేదు. తండ్రి వేరే మతంలో ఉన్న ఇంటికి ఆయన ఇష్టం లేకుండా వెళ్లకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు. అది సరైనదే. పెళ్లిళ్లయి, ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయేవాళ్లతో కమిటీ పలచబడుతూనే ఉంటుంది. పాటల ప్రాక్టీసుకు వచ్చినంత మంది ఇళ్లకు తిరగడానికి రారని కార్యదర్శి దాపరికం లేకుండా చెప్పింది.

పిల్లలకు ఇంట్లోనే నేర్పడం మెథడిస్టులకు పరాయి పద్ధతి కూడా కాదు. ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో పాస్టరు భార్య, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీకి 19 మంది పుట్టారు, తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. బతికిన పిల్లల్లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటానికి ఆమె వారంలో ఒక్కో సాయంత్రం కేటాయించింది. జాన్‌కు గురువారం. భర్త లండన్ వెళ్లినప్పుడు పిల్లల కోసం వంటింట్లో చేసిన ఆదివారపు ప్రార్థనకు 1712 నాటికి ఇరుగుపొరుగు వందల్లో వచ్చేవారు. మెథడిస్టు ఉద్యమం కంటే ముందే ఆ వంటిల్లు ఉంది. మన తల్లులకు సుసన్నాకున్న చదువు లేదు, పని గంటలు ఆమెకన్నా ఎక్కువ. వాళ్లకు సాయం అవసరమయ్యేది అందుకే. అంతేగాని వాళ్ల పని మనం లాక్కోవడానికి అది సాకు కాకూడదు.

ఎండాకాలం వస్తోంది. మీ సంఘాల్లో వి.బి.ఎస్. కమిటీలు కూర్చుంటాయి, షామియానాకు, బహుమతులకు బడ్జెట్ వేస్తాయి. వేయండి. కానీ దానికి ముందు మీ సండే స్కూల్ రిజిస్టరు తీసి, ప్రతి పిల్ల పేరు పక్కన ఇంటి పెద్దల పేరు రాయండి. పేరు తెలియని చోట ఎవరో ఒక యువకుణ్నో యువతినో ఒక సాయంత్రం ఆ ఇంటికి పంపండి. వెళ్లినవాళ్లు ముందు వినాలి, ఆ తర్వాతే మాట్లాడాలి.