ఎనభై శాతం అంటే దేనిలో ఎనభై?

పోస్టు పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. పిల్లల కోసం ఎదురుచూస్తున్న జంట మీ ఇంట్లో ఉంటే వాళ్లకు పంపండి. లేకపోయినా చదవండి. కనీసం పెళ్లి పందిట్లో "ఏమ్మా, ఇంకా విశేషం ఏమీ లేదా" అని అడగడం మానేస్తారని నా ఆశ.

ఈ నాలుగైదేళ్లలో మన అగ్రహారం నుంచి, పక్కన మెట్టకూరు, కనకాలపేటల నుంచి నాకు తెలిసి ఐదు జంటలు ఐవీఎఫ్ కోసం కాకినాడ, రాజమండ్రి, విశాఖపట్నం తిరిగాయి. ఒక జంట హైదరాబాద్ దాకా వెళ్లింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. అన్నవరం వెళ్తున్నామని చెప్పి వెళ్తారు. బస్సులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. ఒకళ్లు డబ్బు పోసి తెలుసుకున్నది రెండో వాళ్లకు పనికిరాకుండా పోతోంది. మా చెల్లెలి కూతురు "నా పేరు రాయకు దొడ్డమ్మా, మిగతాదంతా రాయి" అంది. అందుకే ధైర్యం చేశాను.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. వైద్యం జోలికి వెళ్లను, అది డాక్టర్లు చూసుకుంటారు. లెక్క వరకు చెబుతాను. ఈ వ్యవహారంలో జనం మోసపోయేది ఎక్కువగా లెక్క దగ్గరే.

పిల్లకు పెళ్లయి ఆరేళ్లు, ఇప్పుడు ముప్పై మూడు. మొదట వెళ్లిన చోట గోడ నిండా పసిపిల్లల ఫొటోలు, మధ్యలో పెద్ద అక్షరాలతో "80 శాతం సక్సెస్". డాక్టర్ కంటే ముందు ఒక అమ్మాయి కూర్చోబెట్టి ప్యాకేజీ గురించి చెప్పింది. ఈ రోజే అడ్వాన్స్ కడితే ఇరవై వేలు తగ్గింపు అంది. చీరల కొట్లో ఆషాఢం సేల్ గుర్తొచ్చింది నాకు. "ఎనభై శాతం అంటే దేనిలో ఎనభై అమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. "అంటే మేడమ్, వందలో ఎనభై మందికి సక్సెస్" అంది. ఏ వంద మంది? సక్సెస్ అంటే ఏది? లోపలికి వెళ్లి వచ్చి, బీటా పాజిటివ్ అని చెప్పింది. బీటా అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టిన సుమారు రెండు వారాలకు చేసే రక్తపరీక్ష. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఉయ్యాల కట్టెయ్యలేం.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఇవి ఏ క్లినిక్ అంకెలూ కావు, బోర్డు మీద వేసి చూపించడానికి నేను అనుకున్నవి. ఒక చోట వంద మంది ఆడవాళ్లు ఇంజెక్షన్లు మొదలుపెట్టారనుకుందాం. పది మందికి అండాలు సరిగ్గా పెరగక మధ్యలోనే ఆగింది. తొంభై మందికి అండాలు తీశారు. వాళ్లలో పదిహేను మందికి పనికొచ్చే పిండం తయారు కాలేదు. డెబ్బై ఐదు మందికి పిండం పెట్టారు. నలభై ఐదు మందికి రక్తపరీక్ష పాజిటివ్. స్కానింగ్‌లో గుండె చప్పుడు కనబడింది ముప్పై ఆరు మందికి. చివరికి బిడ్డతో ఇంటికి వెళ్లింది ముప్పై మంది.

ఇప్పుడు భాగించండి. నలభై ఐదుని డెబ్బై ఐదుతో భాగిస్తే 60 శాతం. ముప్పై ఆరుని డెబ్బై ఐదుతో భాగిస్తే 48. ముప్పైని డెబ్బై ఐదుతో అయితే 40. ముప్పైని మొదట వచ్చిన వందతో భాగిస్తే 30. అదే క్లినిక్, అదే ఆడవాళ్లు, అవే పిల్లలు. అరవై అని బోర్డు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదు, ముప్పై అని చెప్పినవాడూ చెప్పలేదు. అడ్వాన్స్ కడుతున్న మనం ఆ మొదటి వందలో ఒకళ్లం. కాబట్టి మనకు కావలసింది చివరి అంకె. "మొదలుపెట్టిన వంద మందిలో ఎంతమంది బిడ్డను ఎత్తుకుని వెళ్లారు?" అని అడగండి, అంతే. హారం అడగకుండా శాతం నమ్మితే తొమ్మిదో తరగతిలో నేను మార్కులు కోసేదాన్ని.

రెండో సంగతి వయసు. వంద మందిలో ఇరవై ఎనిమిదేళ్ల వాళ్లెంతమంది, నలభై దాటిన వాళ్లెంతమంది అన్నది తెలియకపోతే ఆ సగటుతో మనకు పని లేదు. బ్రిటన్‌లో 1991 నుంచి ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఒకటి ఈ లెక్కలన్నీ చూస్తోంది. అక్కడి 2022 అంకెల్లో, గర్భసంచిలో పెట్టిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టే అవకాశం 18 నుంచి 34 ఏళ్ల వాళ్లకు సుమారు 35 శాతం. 43, 44 ఏళ్ల వాళ్లకు 5 శాతం. అంత పెద్ద దేశంలో, అన్ని వసతులతో, చిన్న వయసు వాళ్లకే అంత. మరి మన పక్కూళ్లో ఎనభై ఎలా వస్తోందో ఆలోచించుకోండి. అమెరికాలో క్లినిక్‌లు తమ ఫలితాలు ప్రభుత్వానికి చెప్పాలని 1992లోనే చట్టం చేశారు. ఎవరైనా క్లినిక్ పేరు కొట్టి చూసుకోవచ్చు. మన దగ్గర జనం అలా చూసుకునే పట్టిక లేదు. అందుకే నోరు విప్పి అడగడం తప్ప దారి లేదు.

"ఆవిడకు డెబ్బై దాటాక పుట్టలేదా ఏంటి" అంటారు మనవాళ్లు. నిజమే, మనకు దగ్గర్లోని నేలపర్తిపాడు ఆవిడే. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో కవల ఆడపిల్లలు పుట్టారు. ప్రపంచమంతా పేపర్లలో వేశారు. చాలామంది చదవకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. అండం ఆవిడది కాదు, దాతది. అండం ఇచ్చిన అమ్మాయి వయసును బట్టే అవకాశం ఉంటుంది, మోసే ఆవిడ వయసు అక్కడ అంతగా లెక్కలోకి రాదు. క్లినిక్ చెప్పే శాతంలో దాత అండాల కేసులు కలిసి ఉంటే అంకె పైకి లేస్తుంది. సొంత అండాలతో చేసినవి విడిగా చెప్పమనండి. ఇంకో మాట, ఇప్పుడు ఆ వయసులో చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్లు హద్దు.

మగవాళ్లంటే గుర్తొచ్చింది. మా పిల్లను రెండేళ్లు తిప్పారండీ. స్కానింగులు, ట్యూబుల పరీక్ష, థైరాయిడ్ మాత్రలు, నాటు మందు, నాగుల పుట్ట. ఆ రెండేళ్లలో మా అల్లుడుగారికి ఒక్క పరీక్ష చెయ్యలేదు. ఎవరూ చెయ్యమనలేదు, ఆయన అడగలేదు. చివరికి చేయిస్తే కౌంట్ తక్కువ, కదలిక తక్కువ అని వచ్చింది. కొన్ని వందల రూపాయల పరీక్ష! రిపోర్టు వచ్చిన రోజు వాళ్ల అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న కోడలికి కాఫీ తనే కలిపి తెచ్చి ఇచ్చారట. పిల్లలు లేని జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కాబట్టి ఐవీఎఫ్ అన్న మాట ఎత్తే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

క్లినిక్ ఎంచుకోవడం దగ్గరికి వస్తే, మొదటి పని రిజిస్ట్రేషన్ చూడటం. కేంద్ర ప్రభుత్వం వాళ్ల నేషనల్ ఏఆర్‌టీ అండ్ సరొగసీ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన క్లినిక్‌ల జాబితా ఉంటుంది. లెవల్ 1, లెవల్ 2 అని రెండు రకాలు. లెవల్ 1 వాళ్లు ఐయూఐ వరకే చెయ్యాలి. ఐవీఎఫ్‌కి లెవల్ 2 ఉండాలి. మనం యానాం వాళ్లం కదా అని పుదుచ్చేరి జాబితాలో వెతక్కండి, కాకినాడ క్లినిక్ ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉంటుంది. రేపు ఫిర్యాదు చెయ్యాల్సి వచ్చినా అటువైపు అధికారులకే.

ఈ కాగితం ఎందుకంటారా? 2025 జూలైలో సికింద్రాబాద్ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు టీవీల్లో చూసే ఉంటారు. ఐవీఎఫ్ కోసం వెళ్లిన దంపతులకు సరొగసీ అని చెప్పి లక్షలు తీసుకుని ఒక బిడ్డను చేతిలో పెట్టారు, డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకు వాళ్లతో సంబంధం లేదని తేలింది అని పోలీసులు చెప్పారు. నడుపుతున్న డాక్టర్‌ని అరెస్టు చేశారు. లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయిందని కూడా చెప్పారు. విశాఖపట్నం, విజయవాడల్లో కూడా ఆ పేరుతో బోర్డులుండేవి. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. రిజిస్ట్రీలో పేరు వెతకడానికి మాత్రం ఐదు నిమిషాలు పడుతుంది.

చట్టంలో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, కవలల వల్ల వచ్చే ప్రమాదంతో సహా అన్నీ ముందే వివరించాల్సిన బాధ్యత క్లినిక్‌దే. అడిగితే విసుక్కునే చోట మనకెందుకు? ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఇంజెక్షన్లు ప్యాకేజీలో ఉన్నాయా, పిండాలు ఫ్రీజ్ చేసినందుకు ఏడాదికెంత, రెండోసారి పెట్టడానికెంత అన్నవి విడివిడిగా. "ఇది కూడా చేయిస్తే అవకాశం పెరుగుతుంది" అంటూ పైన కలిపేవి చాలా ఉంటాయి. గర్భసంచి లోపలి పొర గీరడం అనీ, ఇంకో పరీక్ష అనీ. బ్రిటన్ సంస్థ ఇలాంటి వాటికి రుజువును బట్టి రంగులు వేసి పెట్టింది, ఆకుపచ్చ వచ్చినవి బహు తక్కువ. ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్ రోజూ ఉంటారా, నెలకోసారి వేరే ఊరి నుంచి వస్తారా అన్నది కూడా అడగండి. పిండం పెరిగేది ఆయన చేతిలో.

కవలలు పుడితే ఒకే ఖర్చుతో ఇద్దరు అని సంబరపడకండి. నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచితే ఆ బిల్లు ఐవీఎఫ్ బిల్లును దాటిపోవచ్చు. అంతకంటే ముఖ్యం, తల్లికీ పిల్లలకీ ప్రమాదం ఎక్కువ. ఒక్క పిండమే పెడతామన్న డాక్టర్‌ని పిసినారి అనుకోవద్దు.

మా వాళ్లు మూడో చోటికి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ ఫైలంతా చదివి, "మీ వయసుకి, ఈ రిపోర్టులకి, మొదలుపెట్టిన వంద మందిలో ముప్పై అయిదు మందికి లోపే మా దగ్గర బిడ్డ పుడుతుంది. మొదటిసారే అవుతుందని చెప్పలేను" అన్నారు. బయటికొచ్చాక అల్లుడుగారు "ఆ ఎనభై వాళ్లే నయం కదా అత్తయ్యగారూ" అన్నారు పాపం. పిల్లే "వద్దు, ఇక్కడే" అంది.

తొమ్మిది అండాలు వచ్చాయి. ఏడు పక్వమైనవి. ఐదు ఫలదీకరణ చెందాయి. ఐదో రోజుకి నిలిచినవి రెండు. ఇలా తగ్గుతూ రావడం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి తట్టుకోగలిగాం. మొదటి పిండం పెట్టారు, రక్తపరీక్ష నెగెటివ్. ఆ రోజు పిల్ల అన్నం తినలేదు. ఎవరం బలవంతపెట్టలేదు. మూడుసార్లు చేస్తే మూడు ముప్పైలు తొంభై అని ఎవరో చుట్టం ఓదార్చారు. అలా కూడకూడదండీ. ప్రతిసారీ ముప్పై చొప్పున ఉంటే మూడుసార్లూ కాకపోయే అవకాశం 34 శాతం, అంటే ఒకసారైనా అయ్యేది 66. అదీ మూడుసార్లు చేయించుకునే డబ్బు, ఒంట్లో ఓపిక ఉంటే. వాళ్లు చిట్టీ పాడి తెచ్చిన డబ్బు ఇప్పటికే అయిపోయింది. రెండో పిండం ఫ్రీజర్‌లో ఉంది, సంక్రాంతి వెళ్లాక పెడతారు.

రిజిస్ట్రీలో వెతకడం రానివాళ్లు, క్లినిక్ ఇచ్చిన కాగితంలో అంకెలు అర్థం కానివాళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి. ఆదివారం తప్ప ఏ సాయంత్రమైనా ఉంటాను. ఫైలు మొత్తం తెచ్చుకోండి, భార్యాభర్తలిద్దరిదీ. పెరటి గుమ్మం వైపు నుంచి రావచ్చు, అటు లైటు కూడా లేదు.