తల పోయినా మడత నలగలేదు

రోమ్‌లో సాంట్ ఆంద్రియా దెల్లా వాల్లే చర్చి పక్కగోడ దగ్గర ఒక పాలరాతి పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని అబాతె లుయీజీ అంటారు. అది ఆయన పేరు కాదు. దగ్గర్లోని ఇంకో చర్చిలో పనిచేసినాయన పోలికలున్నాయని తగిలించిన పేరు. తలా ఆయనది కాదు. దొంగలు ఎత్తుకుపోవడం, కొత్తది అతికించడం, మళ్ళీ పోవడం. పడ్డ అవమానాలు చాలు, ఇక్కడికొచ్చి కుదుటపడ్డానని పీఠం మీద ఆయన చేత అనిపించారు పాపం. ఆ తర్వాత కూడా తల పోయింది!

జాలిపడదామనుకుంటే చూపు టోగా మడతల మీదికి జారింది. మన పంచె, కండువాల్లాగే టోగాకీ కుట్టు లేదు, బొత్తాం లేదు. అయిదారు మీటర్ల ఉన్నిబట్ట. ఎడమ భుజం మీంచి వెనక్కి, కుడిచంక కిందుగా ముందుకి, మళ్ళీ ఎడమ భుజం మీదికి. ఇక ఎడమచేతికి ఆ బరువు మొయ్యడమే ఉద్యోగం. పంచె ఎగ్గట్టి పొలంలో దిగొచ్చు గానీ టోగాతో ఏ పనీ చెయ్యలేం. దాని దర్జా అంతా అందులోనే ఉంది. జనం అది కట్టుకోవడానికి బద్ధకిస్తుంటే, టోగా లేనివాణ్ణి ఊరి నడికూడలి ఫోరంలోకి రానివ్వొద్దని అగస్టస్ చక్రవర్తి హుకుం జారీ చేశాడు.

ఇంత శ్రద్ధ బట్ట మీద పెట్టిన శిల్పులు తలని చాలాసార్లు విడిగా చెక్కి, మెడ దగ్గర తొలిచిన గుంటలో దించేవారు. క్రీ.శ. 96లో దొమీషియన్ చక్రవర్తి హత్య జరిగాక అతని ముఖాలు కొన్నిటిని చెక్కి కొత్త చక్రవర్తి నెర్వాగా మార్చేశారు. రోమ్‌లోనే బార్బెరీని టోగా విగ్రహం ఉంది. రెండు చేతుల్లోనూ పెద్దల తలలు పట్టుకుని వంశగౌరవం చాటుతుంటాడు. తన మెడ మీద మాత్రం ఎవరిదో తల!

టోగా రోమన్ పౌరుడికే చెల్లే బట్ట. లుయీజీ దగ్గర మిగిలిందల్లా అదే. అయినా పాలకుల మీద ఎగతాళి పద్యాలు రాసి, సంతకం పెట్టకుండా జనం అతికించిపోయే ‘మాట్లాడే విగ్రహాల్లో’ ఆయనొకడు. పేరు లేని మాటలకి సొంత తల లేని మనిషే తగినవాడని ఊరికి తోచింది కాబోలు.