జొన్నకు 'శ్రీ' వచ్చింది

మా ఇంట్ల జొన్నరొట్టె చేసే పద్ధతిని ఇంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పెట్టడానికి అక్షరం వచ్చినోళ్లు లేరు. మా అవ్వ వేలిముద్ర. అమ్మ వేలిముద్ర. మా ఇంటిపేరు మీద డిగ్రీ సర్టిఫికెట్ రావడం నాతోనే మొదలు. జహీరాబాద్ దిక్కు ఒక సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తున్న. కనుక ఈ రాసే పని కూడా నామీదనే పడ్డది.

ముందు పద్ధతి చెప్త. పిండి కొత్తగ ఇసిరింది కావాలె. నిలవ పిండైతే రొట్టె పగుల్తది. నీళ్లు తెర్లకాగాలె. పిండి నడుమ గుంట చేసి ఆ నీళ్లు పోయాలె. ముందుగాల గంటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చినంక అరచేత్తో మెత్తగ పిసకాలె. అవ్వ ఒక్కసారే పిండంతా పిసికేది కాదు. ఏ రొట్టెకు ఆ ముద్దే. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను తిప్పుకుంట అరచేత్తో కొడుతుంటే చందమామ లెక్క పరుచుకుంటది. పెంక మీద వేసినంక పైన తడిచేత్తో నీళ్లు రాయాలె. తడి ఆరంగనే తిప్పెయ్యాలె. ఆఖరుకు పొయ్యిల నిప్పుల పక్కన నిలబెడితే పొంగుతది. దాని పక్కన ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల తొక్కు. ఉన్ననాడు పుంటికూర. పండుగైతే పెద్దకూర.

గోధుమపిండిలో సాగే గ్లూటెన్ జొన్నలో ఉండదు. అందుకే అది చపాతి కర్రకు లొంగదు. మరిగే నీళ్లకు పిండి కొంత ఉడికి జిగురొస్తది. రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే. ఈ సంగతి నేను డిగ్రీ చదివినంక తెలుసుకున్న. అవ్వకు అది అరచేతుల ఉండె.

మరి ఆ జొన్నలు ఎక్కడివి? మాకు గుంట భూమి లేదు. తాత పటేలు ఇంట్ల జీతం. వెట్టిచాకిరిని రద్దు చేసిన చట్టం 1976లోనే వచ్చింది గని, అది మా వాడ దారి పట్టడానికి చాన ఏండ్లు పట్టింది. అవ్వకు పొద్దంత కోతకోస్తే కూలి గింజలే. మానికెతో కొలిచేటప్పుడు పటేలు బొటనవేలు మానికె లోపలుండేదట. ఆ వేలు మందం గింజలు మా పిల్లల కడుపులకెల్లి పోయినయి. అవి చాలక కోసిన చేనుల పరిగె ఏరుకునేటోళ్లు. పొద్దు గూకినంక ఇసుర్రాయి తిప్పేటోళ్లు. రొట్టె అంటే ఇంత పని.

మా అవ్వకు ఒక అక్క ఉండె. ఆమె మెడ చుట్టూ దండ వేసినట్టు నల్లగ మాడిన పట్టీ. చేతుల మీద పొక్కులు. విరేచనాలు ఆగకపోయేటివి. ఆఖరుకు మనుషులను గుర్తుపట్టలేదు. పాపం తగిలిందని ఊరన్నది. డిగ్రీ పుస్తకంల పెల్లాగ్రా అనే రోగం బొమ్మ చూసిన్నాడు నాకు ఆ మెడ యాదికొచ్చింది. నేను ఆమెను చూడలేదు. అవ్వ చెప్పంగ విన్న మెడ అది.

పెల్లాగ్రా నియాసిన్ అనే విటమిన్ అందకపోతే వస్తది. 1960లో హైదరాబాద్‌లోని పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా జొన్నే ప్రధానంగా తిని బతికే దక్కను పేదల్లో ఈ రోగం గురించి రాసిన్రు. వాళ్లకంటే ముందు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మక్కపిండి రొట్టె మీద బతికిన కౌలు పేదలు, నల్లవాళ్లు, మిల్లు కూలీలు ఇదే రోగంతో వేలమంది చచ్చిపోయిన్రు. ఇది అంటురోగం కాదు, తిండి లోపమని 1914 నుంచి తిరిగి తిరిగి రుజువు చేసినాయన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు. మక్కను మొట్టమొదట పండించిన మెక్సికో మూలవాసులు దాన్ని సున్నపునీళ్లల్ల ఉడకబెట్టేటోళ్లు. అట్ల చేస్తే నియాసిన్ ఒంటికి అందుతది. సముద్రాలు దాటించి గింజను తీసుకపోయినోళ్లు ఆ మనుషుల తెలివిని మాత్రం అక్కడే వదిలిపెట్టిన్రు.

ఇది చదివినంక నాకు ఒకటి తేలిపాయె. తప్పు రొట్టెది కాదు. రొట్టె పక్కన పప్పు లేకపోవడం, పాలు లేకపోవడం తప్పు. మాంసంల నియాసిన్ ఉంటది. మా వాడల దండేల మీద ఎండిన తునకలను చూసి ముక్కు మూసుకున్న ఊరే మాకు పప్పు అందకుండ చేసిన ఊరు.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక మా వాడల అన్నం రోజువారీ అయింది. కడుపు నిండింది, కాదనను. కని జొన్నచేన్లు తగ్గినయి. మా దిక్కు పస్తాపూర్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లు మాత్రం జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలను ఇండ్లల్ల దాచి కాపాడిన్రు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. కేంద్ర ప్రభుత్వం వాటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టింది. జొన్నకు శ్రీ వచ్చింది. జొన్న పండించిన చేతికి ఇంకా 'గారు' రాలేదు.

ఎట్ల రాలేదో చెప్త. మా స్టాఫ్‌రూంల ఒకామెకు షుగర్ వచ్చింది. డాక్టరు జొన్నరొట్టె తినమన్నడట. "మేడం, మీరు మంచిగ చేస్తరట గదా" అన్నది. తెల్లారి రెండు రొట్టెలు తీసుకపోయిన. "ఇంటికాడ తింట" అని కాగితంల చుట్టుకున్నది. సాయంత్రం బడి గోడ వెనుక ఆ కాగితం కుక్కలు గుంజుతున్నయి. అదే ఆమె బస్టాండు కాడ బండి మీద రొట్టెలు కొనుక్కపోతది. ఆ బండి ఆమె కులం ఈమెకు తెల్వదు, అంతే.

మధ్యాహ్న భోజనం వండే పనిల దళితులకు ముందు అవకాశం ఇయ్యాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మా బడిలో వండేది మా వాడ ఆమెనే. ఆమె వండిన పప్పు తినకుండ ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నరు. పిల్లలను ఏమనను. ఆ డబ్బాలు కట్టేది పెద్దోళ్లు.

మిత్రులారా, చిరుధాన్యాల సభలకు మీరు పోతరు. స్టాళ్లల్ల కిలో పిండి ధర చూస్తరు. ఆ పిండికి కూలి ఎంత ముట్టింది, భూమి ఎవరి పేరున ఉంది అని కూడా అడగండి. రొట్టెను పొగిడి, రొట్టె కొట్టిన చేతిని దూరం పెడితే, అది మెక్సికో మక్కకు జరిగిందే మళ్లొకసారి జరుగుడు.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి విటమిన్ల లోపాలు చెప్పిన. బోర్డు మీద నియాసిన్, పెల్లాగ్రా, పప్పు, పాలు, మాంసం అని రాసిన. వెనుక బెంచి పిలగాడు లేచి అడిగిండు: "టీచర్, పప్పు తింటే రోగం రాదంటే, వాళ్లు పప్పు ఎందుకు తినలే?"

పాఠ్యపుస్తకంల ఆ ప్రశ్న లేదు. నేను చాక్‌పీసు తీసుకుని నియాసిన్ పక్కన మానికె బొమ్మ గీసిన. మానికె లోపల ఒక బొటనవేలు గీసిన. గంట కొట్టేదాక చెప్పిన. అయిపోలేదు. తెల్లారి కూడ చెప్పిన.