మాధవాయిపాలెపు రేవు, రంగు దిగు చొక్కా

గడచిన వేసవిలో మా మేనల్లుడు అమెరికానుండి సెలవులకు రాజమహేంద్రవరము వచ్చినపుడు మా యింట జరిగిన చిన్న యుపద్రవముతో ఈ ప్రయాణ వృత్తాంతమును మొదలుపెట్టవలసియున్నది. ఉతుకు బట్టలలో వాని గళ్ల చొక్కా యొకటి పడినది. ఎఱుపు, నీలము, పసుపు గళ్లు, మెత్తని నూలు, మెడపట్టీ యంచు అరిగి పోగులు లేచియున్నది. చూచుటకు అంత విలువగలదిగా తోపలేదు. దానిని మేము మా మామగారి తెల్ల పంచెలతో కలిపి నానబెట్టితిమి. గంట గడచి చూచునప్పటికి తొట్టెలోని నీరు నేరేడుపండ్ల రసమువలె నుండెను. పంచెలు మూడును ఊదారంగునకు తిరిగినవి. ఆ పంచెలకై మేము విచారించుచుండగా మేనల్లుడు పరుగున వచ్చి తొట్టెలోనికి తొంగిచూచి, "అత్తయ్యా, ఇది అసలైనదేనండి! రంగు దిగింది చూశారా!" అని పొంగిపోయెను.

చీరల యంగడిలో మనము మొట్టమొదట నడుగు ప్రశ్న "రంగు పోదు కదా?" అనియే. పోవునని తెలిసిన బట్టను ఉప్పునీట నానవేయుదుము, వేఱుగా పిండుదుము, నీడను ఆరవేయుదుము, తుదకు నేసినవానిని తిట్టుకొందుము. రంగు దిగుటయే గొప్పయని మురియు మనిషిని మేము చూచుట అదియే మొదలు. పైగా ఆ చొక్కా క్రొత్తదియు గాదు. ఎవరో తొడిగి విడిచినదానిని నూఱు డాలర్లకు మించిన వెల యిచ్చి కొన్నాడట. ఈ మాట విని మా అత్తగారు కొంతసేపు పలుకలేదు.

వాడు చెప్పిన కథ యిది. ఆ గుడ్డకు అమెరికాలో 'మద్రాసు' అని పేరు. మద్రాసు రేవున ఓడల కెక్కుటచే, తీరమున ఏ యూర నేసినను ఆ పేరనే చెల్లినది. 1958లో జాకబ్సన్ అను అమెరికా వర్తకుడు, కేరళ దేశీయుడైన కృష్ణన్ నాయరు అను ఎగుమతి వర్తకునికడ, గజమొక డాలరు చొప్పున పదివేల గజముల గళ్ల గుడ్డ కొనెను. న్యూయార్కులో 1818 నుండి బట్టల వ్యాపారము చేయుచున్న బ్రూక్సు బ్రదర్సువారు దానిని దుస్తులుగా కుట్టించి అమ్మిరి. చన్నీట మెల్లగా ఉతుకవలెనని నాయరు చేసిన హెచ్చరిక మాత్రము దారిలో ఎక్కడనో నిలిచిపోయినది. ఉతుకు యంత్రములలో రంగులన్నియు ఒండొంటితో కలిసినవి. కొన్నవారు మండిపడిరి, వ్యాజ్యముల మాట వచ్చెను. అప్పుడొక పత్రికలో ఈ గుడ్డనుగూర్చి విస్తారముగా వ్రాయించి, రంగు దిగుటయే దీని మహిమ యనియు, ప్రతి యుతుకునకును క్రొత్త వన్నె వచ్చుననియు చాటించిరట. పిమ్మట రంగు దిగునని పూచీపడి మఱీ అమ్మిరి. వర్తకుల నేర్పు! మన నేతగాడు ఆ మాటయే చెప్పినచో మనము వెల సగమునకు దింపియుందుము.

హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను మొదలగు ప్రాచీన కళాశాలల విద్యార్థులు ఆ కాలమున ఈ గళ్ల చొక్కాలను, మెడపట్టీ కొసలకు గుండీలు గల చొక్కాలను, భుజములకు దూది కూరని వదులు కోట్లను తొడిగెడివారు. బట్టలో క్రొత్తదనము కనబడనీయకుండుటయే వారికి నాగరకము. అరిగిన మెడపట్టీ, మోచేత తోలు అతుకు వేసిన కోటు కలవారి బిడ్డలకు గుఱుతులైనవి. లేనివారి అతుకునకు అట్టి గౌరవము ఏ దేశమునను లేదు గదా! ఆ వేషముపై మోజుపడి జపానువారు కొందఱు కెమెరాతో ఆ కళాశాలలకు పోయి, విద్యార్థుల ఛాయాచిత్రములు తీసి, 1965లో 'టేక్ ఐవీ' అను పుస్తకమును ప్రకటించిరి. అటుపిమ్మట అమెరికాలో ఆ వేషము చాలవఱకు మూలబడినది. 2010లో ఆ పుస్తకమే ఇంగ్లీషున వెలువడగా, తమ తండ్రు లెట్లు తొడిగెడివారో అమెరికావారు జపానువారి బొమ్మలలో చూచికొనిరి. మా మేనల్లుడును ఆ కోవలోనివాడే. తాను పుట్టని కాలమును, తాను చదువని కళాశాలలను తలంచుకొని వానికి బెంగ.

మేమొక్కటి యడిగితిమి: ఆ బొమ్మలలో ఆడపిల్లలేరి? యేలు, ప్రిన్స్‌టనులు యువతులను పట్టపు చదువులకు చేర్చుకొన్నది 1969లో మాత్రమేనని వాడే యొప్పుకొనెను.

మఱునాడు మాకడ నున్న మా తాతగారి ఛాయాచిత్రమును వానికి చూపితిమి. రాజమహేంద్రవరపు కళాశాలలో చదువునాటిది. తలపాగ, మెడవఱకు గుండీలు పెట్టిన కోటు, దాని క్రింద పంచె, భుజమున కండువా, కాళ్లకు కిఱ్ఱుచెప్పులు. వాడు దానిని క్రింద పెట్టలేదు. అసలైన కళాశాల వేషము మన యింటనే యుండగా తాను సముద్రముల కావల వెదకుచున్నాననెను. అట్టి కోటొకటి కుట్టించుకొందుననియు పట్టుపట్టెను. సరే, చూడుమని ఆ కళాశాలకే తీసికొనిపోయితిమి.

1853లో జిల్లా పాఠశాలగా మొదలై కళాశాలగా పెరిగిన ఆ చోట కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలుగు చెప్పిరి. సర్వేపల్లి రాధాకృష్ణయ్యగారు 1918లో మైసూరు వెళ్లుటకు మునుపు ఇక్కడ తత్త్వశాస్త్రము బోధించిరి. పాగా, పొడుగు కోటుతో లోకమునకు తెలిసిన ఆయన రూపమును ఎఱుగనివారు లేరు. అయితే కోటు మనది గాదు, దొరలది. పాగా, పంచె మనవి. రెండును కలిసినపుడు ఆ కాలపు పెద్దలకు అది వింత; ఇప్పుడు మా మేనల్లునికి అదియే సనాతనము! 1907లో బిపినచంద్రపాలుగారు ఈ యూర ఉపన్యసించిన దినములలో విద్యార్థులు 'వందేమాతరం' బిళ్లలను కోట్లకు తగిలించుకొని తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు హంటరు దొర వారిని శిక్షించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి చదువే పోయినది. ఆనాటి కోటు మీద ఆ చిన్న బిళ్ల యెంత బరువో వానికి చెప్పితిమి. అటువంటి బిళ్ల ఏ యంగడిలో దొరకునని వాడడుగలేదు, అందులకు సంతోషించితిమి.

ఇంకొకటియు చెప్పితిమి. ఆ పాగాకు గంజి కాచినది, పంచెకు నీలిమందు పెట్టినది, చినిగిన జేబు కుట్టినది మా నాయనమ్మ. ఛాయాచిత్రములో ఆమె లేదు.

అంతట వానికి గుడ్డ పుట్టినచోటు చూడవలెనని కోరిక కలిగెను. మద్రాసు పోనేల, మన గోదావరి యొడ్డుననే యొక యూరు తన పేరును బట్టకిచ్చినది, చూపుదము రమ్మని, తెల్లవాఱుజామున బయలుదేరితిమి. కొవ్వూరు, నిడదవోలు, తణుకు, పాలకొల్లు దాటి నరసాపురము చేరునప్పటికి ఎండ ముదిరినది. దారి పొడుగున కాలువలు, కొబ్బరితోటలు, కోత యైన వరిమళ్లు. వేసవి యగుటచే గాలిలో తేమ యెక్కువ. కాఫీ మాత్రము పాలకొల్లులో బాగుండెను.

నరసాపురమున వసిష్ఠ గోదావరి యొడ్డున మాధవాయిపాలెము. ఈస్టిండియా కుంపిణీవారికి ఈ డెల్టాలో ప్రధానమైన బట్టల వర్తకస్థానము ఇదియే. ఇంజరము, బెండమూర్లంక దీని తోడివి. ఇంగ్లీషువారి నోట మాధవాయిపాలెము 'మదపొల్లం' అయినది. పడుగున ఎన్ని పోగులో పేకనూ అన్నియే యుండునట్లు నేసిన మెత్తని తెల్లగుడ్డ యది. ఆ పేరు ఇంగ్లీషు నిఘంటువుల కెక్కినది. ఫ్రెంచివారు, ఇటలీవారు నేటికిని అట్టి గుడ్డను 'మదపొలాం' అనియే యందురు. కాని 1833 నాటికి కుంపిణీవారి వర్తకము ఇక్కడ ముగిసినది. మాంచెస్టరు మరలు అట్టి గుడ్డనే నేసి మన యూరిపేరుననే అమ్మినవి. 1939లో మొదలైన మహాయుద్ధమున 'మస్కిటో' అను బ్రిటిషువారి కొయ్య విమానములకు పైన అంటించి రంగు పూసినది గూడ మదపొల్లం గుడ్డయే. ఊరు నది యొడ్డున నిలిచిపోగా పేరు ఆకాశమున నెగిరినది.

రేవున నిలిచి నలుగురి నడిగితిమి. ఈ యూరి పేర బట్ట గలదని ఎవరును వినలేదు. సోడా లమ్ము నాతడు మాత్రము, "లేసు కావాలంటే చెప్పండమ్మా, మా ఇంట్లో అల్లుతారు" అనెను. నరసాపురపు లేసు పని ఈ ప్రాంతపు స్త్రీల చేతిలో నేటికిని బ్రతికియున్నది. దానికి దక్కు కూలి సంగతి వేఱొక వ్యాసమునకు తగినది.

పంటు వచ్చువఱకు మెట్లమీద కూర్చుంటిమి. అక్కడ మా మేనల్లుడు యేలు కళాశాలకు ఆ పేరెట్లు వచ్చినదో చెప్పెను. ఎలిహు యేలు 1687 నుండి 1692 వఱకు మద్రాసు కోటకు గవర్నరు. అవినీతి ఆరోపణలతో పదవి పోయినను, సంపాదించిన ధనము పోలేదు. 1718లో అతడు అమెరికాలోని యొక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరకును కొన్ని పుస్తకములతోగూడ పంపెను. ఆ సరకును అమ్మిన సొమ్ముతో కట్టడము కట్టి దానికి అతని పేరు పెట్టిరి. ఆ మూటలలో బట్టలుండెను. ఈ రేవునందలి వర్తకము ఆ గవర్నరు కొలువు క్రిందిదే యైనందున, వాడు నదివంక చూచుచు చాలసేపు మౌనముగా నుండెను. ఇన్నాళ్లు తాను పరదేశపు వేషమని మురిసినదాని మొదటి మూట మన తీరముననే కట్టబడియుండవచ్చునుగదా!

అమెరికావారికి మించి మద్రాసు గళ్లను మన్నించినవారు ఆఫ్రికాలో నైజరు నది డెల్టాయందలి కలబరి జనులు. వారు దానిని 'ఇంజిరి' యందురు. 'అసలైన ఇండియా' అని యర్థము. అచ్చటి స్త్రీలు ఆ గుడ్డలోని పోగులను ఏర్చి కోసి తీసివేసి తమదైన క్రొత్త నమూనా కల్పింతురు. మన చీరాల మగ్గములమీదను ఆ దేశమునకు పంపు రుమాళ్లు నేసిరి. అసలైనదానిని కత్తిరించి తమదిగా చేసికొనిన ఆ స్త్రీల నేర్పు మాకు మిక్కిలి నచ్చినది.

పంటుమీద సఖినేటిపల్లి చేరి, రాజోలుమీదుగా వైనతేయను దాటి, అమలాపురపు చేరువనున్న బండారులంకకు మధ్యాహ్నము దాటినపిదప పోయితిమి. నేతచీరలకు పేరుపడిన గ్రామమిది. ఒక వీధిలో మగ్గపు చప్పుడు విని ఆగితిమి. గుంటమగ్గముమీద డెబ్బది యేండ్ల పెద్దాయన. ప్రక్కన ఆయన భార్య రాట్నముతో కండెలు చుట్టుచుండెను. చొక్కాను చేతికీయగా ఆయన లోపలివైపు త్రిప్పి, అంచున ఒక పోగు లాగి వ్రేళ్ల నడుమ నలిపి, "చేతినేతేనమ్మా. పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఎవరిదో పాతకాలం చెయ్యి" అనెను. ఎన్ని డాలర్లో మేనల్లుడు చెప్పబోగా మేము కనుసైగ చేసితిమి.

రంగు సంగతి యడిగినపుడు ముసలావిడ నవ్వినది. "రంగు దిగితే షావుకారు కూలి కోసేస్తాడు బాబూ. మీ ఊళ్లో దానికి ఎదురిస్తారా?" ఆమె భర్త కొంచెము వేడిగా వేఱొకటి చెప్పెను. ఆయన నేసిన చీర నమూనా వారము తిరుగకుండ మరమగ్గముమీదికి పోవునట. సగము వెలకు అదియే బజారున చేనేతయను పేర అమ్ముదురట. "అసలు, నకిలీ అని మీరు వెతుక్కుంటున్నారు. మాకు ఆ రెంటికీ మధ్య రోజు కూలి పోతోంది." ఆయన కొడుకు హైదరాబాదులో బట్టల దుకాణమున పని చేయుచున్నాడు. మనుమనికి మగ్గమెక్కుట రాదు.

మేనల్లుడు ఐదు గజముల గళ్ల గుడ్డ కావలెననెను. ఐదు గజములకు పడుగు తోడరు. నాలుగైదు చీరల నిడివి పట్టవలెను, రంగు నూలు వేఱుగా తేవలెను, గళ్ల లెక్కకు అచ్చు సవరించుకొనవలెను. లెక్క వేయగా అమెరికాలో ఆ ఒక్క పాతచొక్కాకు పెట్టిన వెల కంతయు సరిపోవును. వాడు కొంతసేపు ఫోనులో అంకెలు నొక్కి, తాతగారి కోటు మాట మానుకొంటిననెను. మిగులు గుడ్డను మావారికి, మామగారికి లాల్చీలుగాను, మాకు రవికెలుగాను పంచుకొనుటకు ఒప్పుకొని బయానా ఇచ్చితిమి.

నూలు కొలతలు వ్రాసికొని పెద్దాయన తలయెత్తి, "రంగు నిలవాలా బాబూ, దిగాలా?" అని యడిగెను. మేనల్లుడు మావంక చూచెను. మేము తొట్టెలోని పంచెలను తలంచుకొని, "నిలవాలి" అంటిమి. వాడు కాదనలేదు.

గుడ్డ దసరాకు చేతికి వచ్చునన్నారు. మా మామగారు ఆ ఊదా పంచెలనే ఇంట కట్టుకొనుచున్నారు. నాలుగు ఉతుకులకు కొంచెము వెలిసినవి.