రాణి అనా కన్న తొమ్మిది పీడలు

రుమేనియాలో కార్పాతియన్ కొండలు మలుపు తిరిగేచోట బ్రాషోవ్ అనే పట్నం ఉంది. 1689లో జరిగిన అగ్నిప్రమాదంలో మసిబారిన అక్కడి చర్చిని నేటికీ ‘నల్ల చర్చి’ అనే పిలుస్తారు. యాత్రికులు దాన్ని చూసి, టాంపా కొండెక్కి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. తెలుగు మేష్టర్ని గనక నేను మాత్రం ఆ ఊళ్లో పుట్టిన ఒక పండితుణ్ణి తలచుకుంటూ వీధులన్నీ తిరిగాను.

ఆయన హైన్రిక్ ఫాన్ వ్లిస్లొట్స్కి (1856–1907). లోకం జిప్సీలని పిలిచే రోమాల డేరాల వెంట తిరిగి, వాళ్ల కథలు రాసిపెట్టాడు. రోగాలు ఎలా పుట్టాయో చెప్పే కథ వాటిలో ఒకటి.

కేశాలీలు అనే కొండ దేవతలకు రాణి అనా. లోచోలికోలనే రాక్షసుల రాజు ఆమెను మోహించాడు. ఆమె ఒల్లనన్నది. రాక్షసులు ఆమె చెలికత్తెలను మింగడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ల ప్రాణాల కోసం ఆమె తలవంచి ఆ రాజునే పెళ్లాడింది. ఇష్టంలేని ఆ కాపురంలో పుట్టిన తొమ్మండుగురు బిడ్డలే మనుషుల్ని పట్టి పీడించే రోగాలట!

ఆ బిడ్డల పేర్లు వింటే మన చెవికి కొత్తగా ఉండవు. పెద్దవాడు మెలాలో, రెండు తలల పక్షి. మనిషికి పిచ్చి పట్టిస్తాడు. ఆ పేరులో మన ‘మలం’ ఉంది. ముళ్ల బంతిలా కడుపులో దొర్లి నొప్పి పెట్టేవాడు ట్చూలో, అది ‘స్థూలం’. చలిజ్వరం తెచ్చే షిలాలీలో ‘శీతలం’ ఉంది. నిద్రపోయేవాడి ఒంటిమీద పాకి దద్దుర్లు లేపే లోల్‌మీషో ఎర్ర ఎలుక. ‘లోహితం’ అందులోనే ఉంది. రోమాల పూర్వికులు సుమారు వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి వెళ్లినవారు. ఊరు, ఇల్లు, రాజ్యం ఏవీ వెంట రాలేదు గాని మాటలు వెళ్లాయి.

వ్లిస్లొట్స్కి రాతల్లో విన్నదెంత, సొంతంగా అల్లినదెంత అని తర్వాతి పండితులు సందేహించారు. ఆ సందేహం న్యాయమైనదే. కాని ఈ మాటలు ఆయన అల్లినవి కావు. రోమాల నోట నేటికీ ఉన్నవే.

మన పల్లెల్లో మశూచిని ‘అమ్మవారు’ అనేవారు. మనకు రోగమే తల్లి. కోపం వస్తే శాంతింపజేయాలి. రోమా కథలో తల్లి వేరు, రోగం వేరు. తల్లి చెరపడ్డది, రోగాలు ఆమె కోరి కన్న బిడ్డలు కావు. చివరివాడు పోరెస్కోరో మహమ్మారి. వాణ్ణి చూసి కన్నతండ్రే జడిసి, అనాను విడిచిపెట్టాడు.

ఆ మహమ్మారి మాటే మరొకచోట గుర్తుచేసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో, కార్పాతియన్లకే ఆవలి కొసన ఉన్న స్లొవేకియాలో, అయిదు రోమా బస్తీలను పోలీసులతో, సైన్యంతో దిగ్బంధం చేశారు. రోగం పట్టిన మనిషినీ రోగాన్నీ ఒకటిగా చూసే అలవాటు మనుషులకు పాతదే. ఆ రెంటినీ విడదీసి, రోగానికి వేరే పేరూ వేరే పుట్టుకా ఇచ్చి, తల్లిమీద నింద పడకుండా చూసినవాళ్లు ఆ డేరాలవాళ్లే. ఆ వివేకం వాళ్ల పట్ల ఇరుగుపొరుగు చూపించి ఉంటే ఎంత బాగుండేది!