వెలుగోడు మంచెలు – మన పెరటి పిల్లలు

నంద్యాల నుండి ఆత్మకూరు వెళ్లే దారిలో వెలుగోడు వస్తుంది. గాలేరు మీద కట్టిన తెలుగుగంగ జలాశయం, దానికావల నల్లమల కొండలు. దాదాపు 17 టి.ఎం.సి.లు పట్టే ఆ నీటిని చూచుటకే అందరూ వెళ్తారు. నేను మాత్రం అడవి అంచు చేలలోని మంచెలను చూడమంటాను. నాలుగు గుంజలు, అడ్డకర్రలు, పైన జొన్నదంటు కప్పు. పిట్టలకు వడిసెల, పందులకు కేకలు. మేకులు తక్కువ, తాళ్ల కట్లే ఎక్కువ.

పెరట్లో పిల్లలకు చెట్టు మీద ఇల్లు కట్టదలచిన తండ్రులారా, దీనిని చూచి నేర్చుకోండి. బరువు గుంజలే మోయాలి, చెట్టు నీడనిస్తే చాలు. చెట్టు గాలికి ఊగుతుంది, ఏటేటా లావెక్కుతుంది. గనుక మానుకూ పలకలకూ నడుమ జానెడు సందు విడవండి. మానుకు ఇనుపతీగ బిగిస్తే బెరడులోని సారం ఆగి చెట్టే ఎండుతుంది. వేప గాని చింత గాని మేలు. మునగ వద్దే వద్దు, దాని కొమ్మ ఉన్నట్టుండి విరుగుతుంది. కరెంటు తీగ దగ్గరుంటే ఆ చోటే మానుకోండి.

పలక ఎత్తు తండ్రి రొమ్ముకు మించరాదు. కింద ఇసుక పోయించండి. చేలోని మంచెకు సాధారణంగా చుట్టూ అడ్డు ఉండదు, కూర్చునేది పెద్దవాళ్లు గదా! పిల్లలకు అలా కుదరదు. మిద్దె మీదనుండి ఎవరూ పడకుండా పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోనే ఉన్నది. పెద్దపిల్లవాని రొమ్మెత్తున కర్రల అడ్డు కట్టండి. సందులు పిడికిలి పట్టేంతకు మించితే చంటిబిడ్డ తల ఇరుక్కుంటుంది. ఏటా వానలకు ముందు పాత తాళ్లు విప్పి కొత్తవి బిగించండి.