రుక్కాకు రెండవ వైపు

మా పెద్ద ఆపా వివాహమునకు రుక్కా అచ్చు వేయించినప్పుడు, ఒక వైపు తెలుగు, రెండవ వైపు ఉర్దూ ఉండి తీరవలెనని దాదా పట్టుబట్టినారు. ముద్రణాలయము నుండి వచ్చిన ఉర్దూ ప్రూఫును కళ్లజోడు సవరించుకొని చదివి, వరుని పేరులో ఒక చుక్క తప్పిపోయినదని దిద్దినారు. నాలుగేండ్లకు చిన్న ఆపా వివాహము వచ్చినది. అప్పటికి దాదా లేరు. ప్రూఫు ఇల్లంతా తిరిగినది. ఉర్దూలోనే నవ్వుకొని, ఉర్దూలోనే తగవులాడుకొనే మా ఇంట దానిని చదువగలవారు ఒక్కరును లేరు! తుదకు ఇమాముగారి వద్దకు తీసికొనిపోయినాము.

ఆనాటి నుండి ఒక ప్రశ్న మమ్ము వెన్నాడుచున్నది: భాషను నిలుపునది ఏది? రాజ్యమా, ఇల్లా?

మన గోదావరి చరిత్రయే ఇందుకు కొంత సమాధానము చెప్పగలదు. 1753లో సలాబత్ జంగ్ రాజమహేంద్రవరము, ఏలూరు మొదలగు సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. 1758 డిసెంబరులో పిఠాపురము దాపున చందుర్తి వద్ద వారు ఇంగ్లీషువారి చేతిలో ఓడినారు. మరుసటి ఏడు, అదే మహాయుద్ధములో, కెనడాలోని క్విబెక్ నగరమును పోగొట్టుకొన్నారు. 1763 పారిస్ సంధితో కెనడా ఇంగ్లీషువారి వశమైనది. యానాం ఫ్రెంచివారికే తిరిగి దక్కినది.

ఫలితము చూడుడు. యానాంలో 1954 వరకు ఫ్రెంచి పాలన సాగినది. 1956 నాటి ఒప్పందము సైతము, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికారభాష అన్నది. అయినను యానాం ఇండ్లలో వినవచ్చునది తెలుగే. క్విబెక్‌లో రాజ్యము పోయినది. సుమారు 70,000 మంది ప్రజలు మిగిలినారు. వారు ఇంటను, చర్చిలోను, బడిలోను తమ భాషను విడువలేదు. నేడు అక్కడ ఫ్రెంచి మాతృభాషగా గలవారు 60 లక్షలకు పైబడియున్నారు.

అట్లని చట్టము నిరర్థకమనరాదు. వలసవచ్చినవారి పిల్లలు ఇంగ్లీషు బడుల వైపు మొగ్గుట చూచి, క్విబెక్ 1977లో ఫ్రెంచి భాషా శాసనము చేసినది. మనకును రాజ్యాంగమున 30వ అధికరణము కలదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించవలెనను 350-ఎ కలదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికారభాషగా గుర్తించినది. కాని ఏ చట్టమును మా ఇంటికి వచ్చి ప్రూఫు దిద్దజాలదు.

తెలుగు నేర్చుటచే ఉర్దూ పోయినదని మేము అనము. పిఠాపురమునకు చెందిన ఉమర్ అలీషా (1885–1945) పారసీ నుండి ఖయ్యాము రుబాయీలను తెలుగు పద్యములుగా వెలయించినారు. ఒక భాష మరియొక భాషకు చోటివ్వగలదు. మేము పోగొట్టుకొన్నది మా అశ్రద్ధ వలననే.

అందుచే ఈ ఏడు మేమును, మా తమ్ముడును ఒకే పలకపై అలిఫ్, బే దిద్దుచున్నాము. చుక్క ఎక్కడ పెట్టవలెనో ఇంకను తడబడుచునే యున్నాము. అన్నయ్య వివాహము మిగిలియున్నది. ఆ రుక్కా ప్రూఫు మా గడప దాటకుండ దిద్దబడవలెనని మా కోరిక.